చేను ధర, టమోటా ధర

షేరుకు రెండు ధరలుంటాయి. ఒకటి బజారు ధర. ఉదయం తొమ్మిదింబావుకు ఎక్స్ఛేంజీ తెరిచింది మొదలు మధ్యాహ్నం మూడున్నర దాకా అది క్షణం కుదురుగా ఉండదు. రెండోది ఆ కంపెనీ చేసే వ్యాపారం విలువ. అది ఎక్కడా బోర్డు మీద కనిపించదు, లెక్క కట్టుకోవాల్సిందే. ఆ లెక్క కట్టి, బజారు ధర దానికంటే బాగా కిందికి దిగినప్పుడే కొనడాన్ని వాల్యూ ఇన్వెస్టింగ్ అంటారు. 1934లో బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ కలిసి రాసిన ‘సెక్యూరిటీ అనాలిసిస్’ ఈ విద్యకు మూలగ్రంథం. అది అమెరికా మహామాంద్యం నడుమ వెలువడింది. ఆ మాంద్యంలో అక్కడి కంపెనీలు కొన్ని తమ చేతిలోని నగదు కంటే కూడా తక్కువ ధరకు బజార్లో పడి ఉన్నాయి.

ఈ రెండు ధరల తేడా పత్తికొండ టమోటా మార్కెట్ ఎరిగినవారికి కొత్తదేం కాదు. కిలో రూపాయికి పడిపోయి, బండి బాడుగ కూడా గిట్టక రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులున్నాయి. అదే టమోటా 2023 జులై ఆఖరుకు మదనపల్లెలో కిలో రెండొందల దగ్గరదాకా పోయింది. అయితే టమోటా పండే చేను ధర ఏ రోజుకారోజు అలా ఎగిరి పడదు. చేను కొనేవాడు ఆ పొద్దు మార్కెట్ రేటు అడగడు. ఎర్రనేలా, నల్లరేగడా? బోరు ఎన్ని అడుగులు, ఎండాకాలం ఎన్ని గంటలు పోస్తుంది? గత పదేళ్లలో ఎన్ని కరువులు, ఎన్ని కాపులు? పాస్‌బుక్కు బ్యాంకులో తాకట్టులో ఉందా? దాయాదుల తగాదా ఏమైనా ఉందా? కంపెనీ వార్షిక నివేదికలో వెతకాల్సినవీ ఇవే. నేల అంటే ఆ వ్యాపారపు స్వభావం, బోరు అంటే చేతికొచ్చే నగదు, కాపులంటే పదేళ్ల లాభనష్టాలు. తాకట్టు ప్రమోటర్ల షేర్ల మీద ఉంటుంది. దాయాదుల తగాదా సంబంధిత పార్టీలతో జరిగిన లావాదేవీల నోట్‌లో దాక్కుంటుంది.

నేలను బట్టి విలువ కట్టే పని రాయలసీమలో రెండు శతాబ్దాల కిందటే పద్ధతిగా జరిగింది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్త మండలాలకు ప్రిన్సిపల్ కలెక్టర్‌గా వచ్చిన థామస్ మన్రో ఏడేళ్లపాటు చేను చేనునూ కొలిపించి, నేలను తరగతులుగా విడదీసి, దేనికదిగా శిస్తు కట్టించాడు. ఊరంతటికీ కలిపి ఒక మొత్తం వేసి చేతులు దులుపుకోవడం ఆయనకు నచ్చలేదు. కంపెనీల విశ్లేషణకూ అదే సూత్రం. సిమెంటు కంపెనీని, బ్యాంకును, విత్తనాల కంపెనీని ఒకే పీఈ నిష్పత్తితో కొలిచేవాడు రేగడినీ గరుసునేలనూ ఒకే శిస్తు కింద వేసినవాడవుతాడు.

పీఈ అంటే షేరు ధరను ఒక్కో షేరుకు వచ్చే వార్షిక లాభంతో భాగించగా వచ్చే అంకె. దాన్ని తిరగేస్తే రాయలసీమ లెక్కలోకి వస్తుంది. పీఈ 20 ఉన్న షేరు వంద రూపాయలకు ఏడాదికి ఐదు రూపాయల లాభం చూపుతుంది. నెలకైతే నూటికి నలభై పైసల చిల్లర. నూటికి రెండు రూపాయల వడ్డీ మామూలుగా నడిచే ఊర్లో ఇది నవ్వులాటగా కనిపిస్తుంది. ఆ నలభై పైసలు ఏటా పెరుగుతాయన్న నమ్మకం మీదే ఆ ధర నిలబడుతుంది. కాబట్టి పీఈ చూసినవాడు వెంటనే అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ లాభం ఏ కాలపు లాభం? మంచి వానల ఏడాదిదా, కరువు ఏడాదిదా?

ఈ ప్రశ్న ఎంత అవసరమో కర్నూలు పక్కన గొందిపర్లలోనే చూడవచ్చు. తుంగభద్ర ఒడ్డున టీజీవీ ఎస్‌ఆర్‌ఏఏసీ కర్మాగారం ఉంది. పాతవాళ్లకు అది రాయలసీమ ఆల్కలీస్. ఉప్పునీళ్లలో కరెంటు పారించి కాస్టిక్ సోడా తీయడం అక్కడి ప్రధానమైన పని. ఈ వ్యాపారంలో ఒక చిక్కుంది. టన్ను కాస్టిక్ సోడా తీస్తే, అడిగినా అడగకపోయినా దాదాపు 880 కిలోల క్లోరిన్ కూడా వస్తుంది. కాస్టిక్ సోడా సబ్బులకు, కాగితానికి, బట్టలకు, అల్యూమినాకు పోతుంది. క్లోరిన్ విషవాయువు. దాన్ని ఎక్కువ కాలం నిల్వ పెట్టుకోలేరు. కొనేవాళ్లు లేకపోతే కాస్టిక్ ఉత్పత్తి కూడా తగ్గించుకోవాలి. ఒక్కోసారి ఈ పరిశ్రమలో ఎదురు డబ్బిచ్చి క్లోరిన్ వదిలించుకునే పరిస్థితి కూడా వస్తుంది. అందుకే ఈ కంపెనీ క్లోరోమీథేన్లు తీస్తుంది. అదే కుటుంబానికి చెందిన శ్రీ రాయలసీమ హై స్ట్రెంగ్త్ హైపో నీళ్లు శుద్ధి చేసే కాల్షియం హైపోక్లోరైట్ తయారుచేస్తుంది. ఇక కరెంటు టన్ను కాస్టిక్‌కు రెండు వేల యూనిట్లకు పైనే తింటుంది. సొంత కరెంటు ఎంత, కొనేది ఎంత, యూనిట్ ఎంతకు పడుతోంది అన్నది చూడకుండా ఈ రంగంలో ఏ కంపెనీకీ విలువ కట్టలేరు.

2022లో ఉక్రెయిన్ యుద్ధంతో ఐరోపాలో కరెంటు, గ్యాసు ధరలు మండిపోయాయి. కాస్టిక్ సోడా ధర ప్రపంచమంతా ఎక్కింది, 2023లో దిగింది. ఇలాంటి సరుకు వ్యాపారాల్లో కొత్తవాళ్లు పడే గుంట ఇక్కడే ఉంది. ఊరికే ఒక లెక్క: షేరుకు ముప్పై రూపాయల లాభం వచ్చిన ఏడాది ధర 120 ఉంటే పీఈ 4. చవగ్గా కనిపిస్తుంది. మరుసటేడు సరుకు ధర దిగి లాభం ఐదు రూపాయలకు, షేరు అరవైకి పడితే పీఈ 12. ఇప్పుడు ఖరీదుగా కనిపిస్తుంది. కానీ కొనకూడనిది మొదటిసారి, లెక్క కట్టి చూడాల్సింది రెండోసారి. సరుకు వ్యాపారాల్లో పీఈ అతి తక్కువగా ఉన్నదంటే, తరచుగా ధరలు శిఖరం మీద ఉన్నాయని అర్థం. గ్రాహం ఒక్క ఏడాది లాభాన్ని నమ్మవద్దన్నాడు. ఏడు నుంచి పదేళ్ల సగటు తీయమన్నాడు. ఏడేళ్లలో రెండు కరువులు చూసే సీమ రైతుకు ఈ మాట ఎవరూ నేర్పనక్కర్లేదు. అదే రైతు డీమ్యాట్ ఖాతా తెరిచాక మాత్రం నిరుటి లాభం ఒక్కటే చూస్తాడు. విచిత్రమంతా అక్కడే ఉంది.

సిమెంటుకు కొలత వేరు. టన్ను క్లింకర్‌కు టన్నున్నర సున్నపురాయి కావాలి, కాబట్టి రాయి ఉన్నచోటే ఫ్యాక్టరీ. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు, తాడిపత్రి, కొలిమిగుండ్ల చుట్టూ దాల్మియా, రామ్‌కో, భారతి, పెన్నా, ఇండియా సిమెంట్స్ బారులు తీరింది అందుకే. సిమెంటు బరువెక్కువ, విలువ తక్కువ. మూడు నాలుగు వందల కిలోమీటర్లు దాటితే లారీ బాడుగ లాభాన్ని తినేస్తుంది. కాబట్టి ఒక ఫ్యాక్టరీకి పోటీ దేశమంతటా ఉండదు, ఆ వలయంలోని ఫ్యాక్టరీలతోనే ఉంటుంది. రాయి పుష్కలంగా దొరకడమే ఈ ప్రాంతానికి శాపమైంది కూడా. అందరూ వచ్చి కట్టారు. దక్షిణాదిలో సామర్థ్యం వాడకం కంటే ఎంతో ఎక్కువై, బట్టీలు ఖాళీగా నిలబడే ఏళ్లే ఎక్కువయ్యాయి.

అలాంటి చోట లాభం కంటే టన్ను లెక్క నమ్మదగినది. షేర్ల మొత్తం విలువకు అప్పు కలిపి, నగదు తీసేసి, సామర్థ్యంతో భాగిస్తే టన్నుకు ఎంత పడుతోందో తేలుతుంది. కొత్త ఫ్యాక్టరీ కట్టడానికయ్యే ఖర్చుతో దాన్ని పోల్చాలి. 2024 జూన్‌లో అంబుజా సిమెంట్స్ పెన్నా సిమెంటును 10,422 కోట్ల రూపాయల విలువకు కొంటున్నట్టు ప్రకటించింది. కడుతున్న యూనిట్లతో సహా పెన్నా సామర్థ్యం ఏడాదికి కోటీ నలభై లక్షల టన్నులు. భాగిస్తే టన్నుకు దాదాపు 7,440 రూపాయలు. ఈ అంకె దగ్గర పెట్టుకుంటే, బజార్లో ఉన్న మరో దక్షిణాది సిమెంటు షేరు టన్నుకు ఎంత పలుకుతోందో చూసి, అది చవకో ఖరీదో చెప్పడం కష్టం కాదు. పెద్ద కంపెనీ తనకు పనికొచ్చే ఫ్యాక్టరీకి ఇచ్చే ధర, చిన్న మదుపరి కంప్యూటర్ ముందు కూర్చుని ఊహించే ధర కంటే గట్టి ఆధారం. అయితే గనుల లీజు ఇంకా ఎన్నేళ్లుందో చూడకుండా టన్ను లెక్క వేయడం, బోరు చూడకుండా చేను కొనడమే.

కాంట్రాక్టు కంపెనీల దగ్గర లాభం అన్న మాటే అనుమానించదగినది. పని ఎంత శాతం పూర్తయితే అంత లాభం పుస్తకాల్లో రాసుకోవచ్చు. బిల్లు మాత్రం ప్రభుత్వం దగ్గర ఆగిపోయి ఉంటుంది. జీతాలకు, సిమెంటుకు, ఉక్కుకు అప్పు తేవాలి. ఈ రంగంలో తెలుగువాళ్లు ఎంత ఎత్తుకు పోయారో అంత లోతుకూ పడ్డారు. ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ ఒక దశలో దేశంలోని పెద్ద ప్రైవేటు విద్యుత్ సంస్థల్లో ఒకటి. 2017 జూన్‌లో రిజర్వ్ బ్యాంకు దివాలా కోర్టుకు పంపమన్న తొలి పన్నెండు ఖాతాల్లో దాని పేరుంది. మరుసటేడు ఆగస్టులో లిక్విడేషన్‌కు పోయింది. కృష్ణా-గోదావరి బేసిన్‌లోని కేజీ డీ6 క్షేత్రం నుంచి గ్యాసు 2009లో వచ్చి, రెండేళ్లు తిరక్కముందే తగ్గిపోవడంతో ఆ గ్యాసును నమ్ముకుని కట్టిన ఆంధ్ర విద్యుత్ కేంద్రాలు పెద్ద దెబ్బ తిన్నాయి. ఇలాంటి కంపెనీలో చూడాల్సిన పేజీ క్యాష్ ఫ్లో పట్టిక. లాభాలు ఏటా పెరుగుతూ, వ్యాపారం నుంచి వచ్చే నగదు ఏటా మైనస్‌లో ఉంటే, ఆ పైపేజీలు చదవనక్కర్లేదు.

నగదు చూస్తే చాలా? 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు రాసిన లేఖ ఆ ధీమాను కూడా పోగొట్టింది. 2008 సెప్టెంబరు ఆఖరు బ్యాలెన్స్ షీట్‌లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనేలేవు. 376 కోట్ల రావలసిన వడ్డీ కూడా కాగితం మీదిదే. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి నలభైకి దిగింది. ఈ మోసాన్ని బయటివాడు పట్టగలిగేవాడా అన్న వాదన ఇప్పటికీ నడుస్తోంది. పూర్తిగా పట్టలేడు. ఆడిట్ సంతకమే తప్పుదారి పట్టించినప్పుడు పాఠకుడి చేతిలో ఏముంటుంది! కానీ ఆనవాళ్లు లేకపోలేదు. వేల కోట్లు చేతిలో పెట్టుకుని పెద్ద డివిడెండ్ పంచని కంపెనీని ఎందుకని అడగాలి. వడ్డీ ‘రావలసినది’గా పేరుకుపోతోందా, చేతికొస్తోందా అని చూడాలి. ప్రమోటర్ల వాటా 2001లో పాతిక శాతం దాటి ఉన్నది, 2008 మార్చికి తొమ్మిది శాతం లోపుకు దిగింది. ఇది ఎక్స్ఛేంజీ పత్రాల్లో అందరికీ కనిపించిన అంకె. 2008 డిసెంబరు 16న సత్యం 160 కోట్ల డాలర్లతో ప్రమోటర్ల కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనబోయి, వాటాదారులు భగ్గుమనడంతో గంటల్లోనే వెనక్కి తగ్గింది. సాఫ్ట్‌వేర్ కంపెనీ నిర్మాణ, భూముల వ్యాపారాలను ఎందుకు కొంటుంది? ఆ ఒక్క ప్రశ్న వేసుకుని డిసెంబరులో అమ్ముకున్నవాడు బతికిపోయాడు.

బ్యాంకుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. బ్యాంకు షేరును బుక్ వాల్యూతో కొలవడం ఆనవాయితీ. బుక్ వాల్యూలో సగానికి దొరికితే చవకని కొంటారు. కానీ బ్యాంకు ఆస్తంటే ఇచ్చిన అప్పులే. వంద రూపాయల ఆస్తిలో సొంత పెట్టుబడి ఆరేడు రూపాయలే ఉన్నచోట, అప్పుల్లో ఐదు శాతం మునిగితే ఆ ‘బుక్’లో మిగిలేది దాదాపు అట్టే. భోగరాజు పట్టాభిసీతారామయ్య 1923లో బందరులో పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. మన బ్యాంకు అన్న అభిమానంతో దాచుకున్న పాత వాటాదారులు చాలామంది ఈ నిష్పత్తి చూశాకే మొండి బాకీల పట్టిక వెతుక్కున్నారు.

విత్తన కంపెనీలకు వాన ఒక యజమాని, ప్రభుత్వం ఇంకో యజమాని. పత్తి విత్తనాల కంపెనీ ఏడాది అమ్మకాల్లో సింహభాగం ఏప్రిల్ నుంచి జూన్ లోపే అయిపోతుంది. ఆ మూడు నెలల ఫలితం చూసి షేరు కొన్నవాడు మిగతా తొమ్మిది నెలలు బిత్తరపోతాడు. ధర కూడా కంపెనీ చేతిలో లేదు. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పోరాడి బీటీ పత్తి విత్తనాల 450 గ్రాముల ప్యాకెట్‌ను 750 రూపాయలకు దింపించింది. అంతకుముందు అది 1,600కు పైనే. 2016 నుంచి ధర కేంద్రమే కడుతోంది. రైతుకు అది మేలే. అదే రైతు ఆ కంపెనీలో వాటాదారుడైతే ఆ ఉత్తర్వును ఇంకో కంటితో చదవాలి. మందుల కంపెనీల్లో ఇదే పాత్ర విదేశీ ప్రభుత్వాలది. డాక్టర్ రెడ్డీస్ 2006లో 48 కోట్ల యూరోలు పెట్టి జర్మనీ కంపెనీ బీటాఫార్మ్‌ను కొంది. ఆ తర్వాత అక్కడి ఆరోగ్య బీమా సంస్థలు టెండర్లు పిలిచి మందులు కొనడం మొదలుపెట్టగానే ధరలు కుప్పకూలాయి. కట్టిన సొమ్ములో పెద్ద భాగాన్ని కంపెనీ తన పుస్తకాల్లోనే నష్టంగా రాసుకుంది. మంచి కంపెనీ కూడా ఎక్కువ ధర పెట్టి కొంటే నష్టపోతుందనడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

చివరికి గనులు. పత్తికొండ పక్కన జొన్నగిరి, తుగ్గలి పొలాల్లో తొలకరి పడగానే జనం వజ్రాల కోసం తల వంచుకుని తిరుగుతారు. దొరికినవాడు వ్యాపారికి చూపిస్తాడు, టెండరు వేస్తారు, ఆ ఊరంతా ఆ ఏడాది అదే మాట. దొరకనివాళ్ల కూలీ ఎవరూ లెక్క కట్టరు. వారం రోజుల్లో రెట్టింపవుతుందని షేరు కొనడం ఈ కోవలోది. దాన్ని తప్పనలేం గానీ మదుపు అనలేం. అదే జొన్నగిరిలో బంగారు గని సంగతి వేరు. గనిని నడిపే జియోమైసూర్ సర్వీసెస్‌లో, బీఎస్‌ఈలో నమోదైన డెక్కన్ గోల్డ్ మైన్స్‌కు సుమారు 40 శాతం వాటా ఉంది. పూర్తిస్థాయిలో నడిస్తే ఏటా 750 కిలోల బంగారం తీస్తామని కంపెనీ చెప్పింది. టన్ను రాయికి గ్రామున్నర బంగారమనుకుంటే 750 కిలోలకు ఐదు లక్షల టన్నుల రాయి తవ్వి, నూరి, కడగాలి. వాటాదారుడి లెక్కకు వచ్చేది అందులో 40 శాతం, అంటే 300 కిలోలు. అందులోంచి తవ్వకం ఖర్చు, రాయల్టీ, వడ్డీ, పన్ను తీసేస్తే మిగిలేదే లాభం. అదీ గని ఆయుష్షు ఉన్నన్నాళ్లే, ఆ తర్వాత గొయ్యి మిగులుతుంది. నేల కింద ఎంత బంగారముందన్నది విలువ కాదు. కోలారు గనుల్ని 2001లో మూసినప్పుడు కింద బంగారం అయిపోలేదు. తవ్వే ఖర్చు బంగారం ధరను దాటిపోయింది.

విలువ కట్టాక ఎంత తక్కువకు కొనాలన్నది మిగిలింది. లెక్కలో తప్పు దొర్లినా మునగకుండా ఉంచే ఈ వెసులుబాటును గ్రాహం మార్జిన్ ఆఫ్ సేఫ్టీ అన్నాడు. కంపెనీ నికర చరాస్తుల (నగదు, సరుకు, రావలసిన బాకీల్లోంచి అప్పులన్నీ తీసేయగా మిగిలేదాని) విలువలో మూడింట రెండు వంతులకు మించి ఇవ్వవద్దన్నది ఆయన గట్టి సూత్రాల్లో ఒకటి. అన్ని పరిశ్రమలకూ ఒకే వెసులుబాటు చాలదు. అప్పు లేని, యంత్రాలు పెద్దగా అక్కర్లేని వ్యాపారానికి పాతిక శాతం సరిపోవచ్చు. బట్టీలు, గనులు, కాస్టిక్ సోడా తీసే సెల్ హౌసులు ఏటా మరమ్మతు కోరే వ్యాపారానికి ఇంకా ఎక్కువ కావాలి.

1807లో మన్రో దత్త మండలాలు వదిలి వెళ్తూ సరిగ్గా ఇలాంటి సిఫారసే చేశాడు. తాను కట్టించిన శిస్తే ఎక్కువగా ఉందని ఒప్పుకుని, అన్ని భూములకూ 25 శాతం తగ్గించమన్నాడు. బావుల కింద భూములకు, వాగుల్లోంచి నీళ్లు తోడుకునే భూములకు ఇంకో 8 శాతం కలిపి మూడో వంతు తగ్గించమన్నాడు. ఆ బావుల, కట్టల మరమ్మతులు రైతే చేసుకోవాలి గనక. గ్రాహం మూడో వంతుకు, మన్రో మూడో వంతుకు సంబంధమేమీ లేదు, కాకతాళీయం. పంట అంతా శిస్తుకే పోతే భూమికి అమ్మకపు విలువే ఉండదన్నది మన్రో తర్కం. మద్రాసులో ఆ మాట అప్పుడు చెల్లలేదు. 1820లో ఆయనే గవర్నరై తిరిగొచ్చాకగానీ తగ్గింపు అమలు కాలేదు. ఏడేళ్ల తర్వాత, 1827 జులై 6న, ఇదే పత్తికొండలో కలరాతో కన్నుమూశాడు.